పాపర్ ఇంటి పెంగ్విన్లు: ఒక హాస్య బాలనవలలో నవ్వుకు ఆధారం

పిల్లల హాస్య నవలను పెద్దలు చదివి నవ్వుకుని పక్కన పెట్టేయడమే ఎక్కువ. దాని కట్టడాన్ని నిదానంగా పరిశీలించడం తక్కువ. ఆ లోటును కొంతైనా పూరించడం ఉచితమన్న భావనతో ఈ ఉపన్యాసానికి ఎంచుకున్న గ్రంథం, 1938లో అమెరికాలో లిటిల్ బ్రౌన్ సంస్థ ప్రచురించిన ‘మిస్టర్ పాపర్స్ పెంగ్విన్స్’. రిచర్డ్ ఆట్వాటర్, ఫ్లోరెన్స్ ఆట్వాటర్ అనే దంపతులు దీని రచయితలు, రాబర్ట్ లాసన్ చిత్రకారుడు. ఆ దేశపు బాలసాహిత్యంలో అత్యున్నతమైన న్యూబరీ పతకం 1939లో ఎలిజబెత్ ఎన్‌రైట్ రచన ‘థింబుల్ సమ్మర్’కు దక్కగా, పాపర్ కథ అదే సంవత్సరం న్యూబరీ గౌరవ గ్రంథంగా గుర్తింపు పొందింది. ఎనభై ఏళ్లు దాటినా ఈ నవల పిల్లల చేతుల్లోనే ఉండడానికి కారణం పెంగ్విన్లు ముచ్చటగా ఉండడమేనని సాధారణంగా చెబుతారు. ఆ మాట సగమే నిజం. ఇందులోని నవ్వు పెంగ్విన్ల నడకలో కన్నా, వాటిని సాకడానికి ఒక బీద కుటుంబం పడే తాపత్రయంలో, పెట్టే ఖర్చులో, వేసుకునే లెక్కలో ఎక్కువగా పుడుతుంది.

కథ చాలా సూటిగా సాగుతుంది. స్టిల్‌వాటర్ అనే చిన్న పట్టణంలో పాపర్ ఇళ్లకు రంగులు వేసి, గోడలకు కాగితం అతికించి, భార్యనూ జేనీ, బిల్ అనే ఇద్దరు పిల్లలనూ పోషించుకుంటాడు. ఊరు దాటి ఎరుగని ఈ మనిషికి ధ్రువ ప్రాంతాల మీద తీరని మక్కువ ఉంది. పని లేని చలికాలమంతా అన్వేషకుల యాత్రాగ్రంథాలు చదువుతూ కూర్చుంటాడు. అంటార్కిటికాలో ఉన్న అడ్మిరల్ డ్రేక్‌కు అతను రాసిన అభిమాన లేఖకు సమాధానంగా ఒకనాడు పెద్ద పెట్టె వస్తుంది, అందులో ప్రాణమున్న పెంగ్విన్ ఉంటుంది. కెప్టెన్ కుక్ అని పేరు పెట్టిన ఆ పక్షి ఒంటరితనంతో జబ్బుపడితే, ఒక పెద్ద నగరపు ఆక్వేరియం (జలచరాల ప్రదర్శనశాల) అధికారి అదే బెంగతో చిక్కిపోతున్న గ్రెటా అనే ఆడ పెంగ్విన్‌ను పంపిస్తాడు. పది గుడ్లు, పది పిల్లలు, మొత్తం పన్నెండు పెంగ్విన్లు. వాటి తిండికి డబ్బు చాలక పాపర్ దంపతులు వాటికి ఆటలు నేర్పి నాటకశాలల్లో ప్రదర్శనలిస్తూ దేశమంతా తిరుగుతారు, చివరకు ఒక పొరపాటు వల్ల పాపర్ పెంగ్విన్లతో సహా జైలు పాలవుతాడు, అక్కడి నుంచి అడ్మిరల్ విడిపించడంతో కథ ఒక నిర్ణయం దగ్గరకు చేరుతుంది.

ఈ సంగ్రహంలో కనిపించీ కనిపించకుండా ఉన్న విషయం పని లేని చలికాలం. రంగుల పని వాతావరణం మీద ఆధారపడినది కాబట్టి సెప్టెంబరు చివర పని ఆగిపోతే మళ్లీ వసంతం దాకా ఆదాయం ఉండదు. నవల ఆరంభంలో పాపర్ భార్యకు పట్టుకునే మొదటి దిగులు అదే. ఈ పుస్తకం రూపుదిద్దుకున్న కాలం ఆర్థిక మహామాంద్యపు కాలం, అంటే 1929 నాటి స్టాక్ మార్కెట్ పతనం తరువాత ఫ్యాక్టరీలు మూతపడి, బ్యాంకులు కూలి, 1933 నాటికి అమెరికా శ్రామికుల్లో దాదాపు నాలుగోవంతు మంది పని కోల్పోయిన కాలం. నవల ఈ విపత్తును పేరు పెట్టి ప్రస్తావించదు. ప్రస్తావించవలసిన అవసరమూ లేదు. ఆరు నెలల తిండిని ముందుగానే లెక్కపెట్టుకునే ఇల్లాలు, బీన్స్‌తో గడిచిపోయే చలికాలపు భోజనం, మరమ్మతు మనిషికి ఇచ్చిన అయిదు డాలర్లు తలుచుకుని ఉస్సురనుకునే ఇంటి యజమాని, వీళ్లు ఆనాటి పిల్లలకు తమ సొంత ఇంట్లోనే కనిపించి ఉంటారు. హాస్యానికి ఎంచుకున్న నేల అదని గుర్తించకపోతే పైన పూసిన పువ్వు మాత్రమే కళ్లకు కనిపిస్తుంది.

అంటార్కిటికా మీది మక్కువ కూడా గాలిలోంచి ఊడిపడింది కాదు. రిచర్డ్ బర్డ్ నాయకత్వంలో 1928లో బయలుదేరిన అమెరికన్ యాత్రాబృందం 1929 నవంబరు చివరలో విమానంలో దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరి వచ్చింది. ఆ యాత్రను చిత్రీకరించిన డాక్యుమెంటరీ 1930లో థియేటర్లలో ఆడింది. 1933 నుంచి 1935 దాకా సాగిన రెండవ యాత్రలో బర్డ్ బృందం మంచుదిబ్బల నడుమ నుంచి రేడియో కార్యక్రమాలు ప్రసారం చేయగా, అమెరికాలోని కుటుంబాలు తమ ఇంటి ముందుగదుల్లో కూర్చుని ఆ గొంతులు విన్నాయి. నవలలో అడ్మిరల్ డ్రేక్ రేడియోలో పాపర్‌ను పేరు పెట్టి పలకరించి, ఒక ఆశ్చర్యం కోసం ఎదురుచూడమని చెప్పడం నేటి పాఠకుడికి వట్టి కల్పనగా తోచవచ్చు గానీ, 1938 నాటి పాఠకుడికి అది తన రేడియోలో నిజంగా వినిపించిన గొంతుకు ఒక అడుగు ముందున్న ఊహ మాత్రమే. ఇంట్లో పని లేక కూర్చున్న మనిషికి ప్రపంచపు అంచు నుంచి తన పేరు వినిపించడంలోని తీపిని ఈ రచయితలు బాగా ఎరుగుదురు.

ఇద్దరు రచయితల పేర్లు అట్ట మీద ఎలా చేరాయో తెలుసుకోవడం ఈ నవల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం. 1892లో జన్మించిన రిచర్డ్ ఆట్వాటర్ షికాగో విశ్వవిద్యాలయంలో గ్రీకు బోధించి, ఆ నగరపు పత్రికల్లో హాస్య శీర్షికలు రాసి, ప్రాచీన చరిత్రకారుడు ప్రొకోపియస్ రాసిన ‘రహస్య చరిత్ర’ను ఇంగ్లిషులోకి అనువదించిన పండితుడు. బర్డ్ యాత్ర చిత్రం చూసిన ప్రేరణతో ఆయన పెంగ్విన్ల కథ రాసుకున్నాడు గానీ, 1934లో పక్షవాతం వచ్చి రచన చేయగల శక్తిని కోల్పోయాడు. ప్రచురణకర్తలు తిరస్కరించిన ఆ రాతప్రతిని భార్య ఫ్లోరెన్స్ చేతికి తీసుకుని, ఊహ మితిమీరిన చోట్ల నిత్యజీవితపు నమ్మకాన్ని నింపుతూ తిరగరాసి అచ్చుకు చేర్చింది. రిచర్డ్ 1948లో కన్నుమూశాడు; ఫ్లోరెన్స్ 1979 వరకు జీవించింది. జబ్బుపడ్డ భర్త, ఆగిపోయిన ఆదాయం, పెంచవలసిన ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంట్లో కూర్చుని, డబ్బులేమిని నవ్వుగా మలచగలిగిన ఆ గృహిణి గుండె నిబ్బరానికి సాహిత్య చరిత్ర ఇవ్వవలసినంత గౌరవం ఇంకా ఇవ్వలేదనే చెప్పాలి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కృషిని ఎరిగిన తెలుగువారికి, పిల్లల కోసం జంటగా చేసిన పనిలో ఎవరి పాలు ఎంతో విడదీయడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక హాస్యం పనిచేసే తీరు. ఈ నవలలో జరిగే అసంభవం ఒక్కటే: ఒక మామూలు ఇంటికి పార్సిల్‌లో పెంగ్విన్ రావడం. ఆ ఒక్కదాన్ని పాఠకుడు ఒప్పుకున్న తరువాత రచయితలు మరో అద్భుతాన్ని అడగరు. తక్కినదంతా కార్యకారణాల గొలుసుగా సాగుతుంది. చల్లని చోటు కావాలి కనుక ఫ్రిజ్ ఖాళీ చేయాలి; లోపల ఊపిరాడాలి కనుక తలుపుకు రంధ్రాలు పెట్టించాలి; పక్షి తనంతట తాను బయటికి రాగలగాలి కనుక తలుపు లోపలి వైపు పిడి బిగించాలి. ఈ మూడు పనులకూ వచ్చిన మెకానిక్‌కూ పాపర్‌కూ జరిగే సంభాషణ నవలలో అన్నిటికన్నా నేర్పుగా రాసిన ఘట్టాల్లో ఒకటి. మెకానిక్ దృష్టిలో ఎదుటివాడు మతి తప్పినవాడు: బాగా పనిచేస్తున్న ఫ్రిజ్‌కు తూట్లు పొడవమంటున్నాడు, లోపలి నుంచి తలుపు తీసుకునే ఏర్పాటు చేయమంటున్నాడు. పాపర్ దృష్టిలో తాను అడుగుతున్నది అతి సహజమైన విషయం, దాన్ని గ్రహించలేకపోతున్నవాడే మందమతి. ఇద్దరి తర్కమూ తప్పు కాదు, ఎవరి ఎరుకకు తగినట్టు వాళ్లు సవ్యంగానే మాట్లాడతారు. ఫ్రిజ్‌లో ఉన్నది ఏమిటో తెలిసిన పిల్లవాడు ఆ ఇద్దరికన్నా ఎక్కువ ఎరిగినవాడై నవ్వుతాడు. కథకుడు మాత్రం పెదవి కదపడు. ఎంత విడ్డూరమైన సంగతినైనా ఆశ్చర్యార్థకం లేకుండా, ధాన్యం కొలిచినంత తాపీగా చెప్పుకుపోయే ఈ పద్ధతిని నిర్వికార కథనం అనవచ్చు. ఆ ఘట్టం చివర పాపర్ డబ్బు ఇస్తూ, అది తన వాళ్లకు ఎన్ని బీన్స్ కొనిపెట్టి ఉండేదో తలుచుకుంటాడు. ఆ ఒక్క తలపు లేకపోతే సన్నివేశం వట్టి ప్రహసనంగా మిగిలిపోయేది.

కార్యకారణాల గొలుసులో ప్రకృతిశాస్త్రం కూడా ఒక కొలికిగా ఉంది. కెప్టెన్ కుక్ ఇల్లంతా తిరిగి దారపు ఉండలు, చదరంగపు పావు, బొమ్మ తలకాయ, ఎండిన నిమ్మచెక్క, తాళంచెవి, గోళీలు, టూత్‌పేస్టు మూత, పాపర్ గారి పొగతాగే పైపు వంటి నానా వస్తువులనూ ఏరుకొచ్చి ఫ్రిజ్‌లో గూడు కట్టుకుంటాడు. ఈ జాబితా నవలలో చాలా పొడుగ్గా సాగుతుంది, పిల్లలు దాన్ని గట్టిగా పైకి చదివి ఆనందిస్తారు. కానీ ఇది రచయితల వేడుక మాత్రమే కాదు. కళ్ల చుట్టూ తెల్లని వలయాలు, దాదాపు రెండున్నర అడుగుల ఎత్తు గలదిగా వర్ణించిన కెప్టెన్ కుక్ రూపురేఖలు అంటార్కిటికా తీరాల్లో నివసించే అడేలీ జాతి పెంగ్విన్‌కు సరిపోతాయి. ఆ జాతి పక్షులు గులకరాళ్లు పోగుచేసి గూడు కడతాయి, అదను దొరికితే పక్కగూటి రాళ్లను దొంగిలిస్తాయి కూడా. రాయి దొరకని ఇంట్లో ఆ స్వభావం ఏ దారి పడుతుందని ఆలోచిస్తే వచ్చే జవాబే ఆ జాబితా. పెంగ్విన్లు సాధారణంగా పెట్టేది రెండు గుడ్లేనని నవల దాచకుండా చెప్పి, గ్రెటా పది పెట్టడాన్ని వాతావరణం మార్పుకు అంటగడుతుంది. నిజాన్ని మీరేటప్పుడు కూడా మీరుతున్నామని పాఠకుడికి తెలియజేసే ఈ నిజాయితీ మెచ్చదగినది.

‘పంచతంత్రం’, చిన్నయసూరి ‘నీతిచంద్రిక’, ‘చందమామ’ కథల ద్వారా సాహిత్యంలోకి అడుగుపెట్టిన తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక తేడా స్పష్టంగా కనబడుతుంది. ఆ కథల్లో కాకీ నక్కా మనుషుల్లా మాట్లాడతాయి, మనుషుల గుణదోషాలను మోస్తాయి, వినేవాడికి లోకజ్ఞానం నేర్పుతాయి. ఆ సంప్రదాయపు బలం అందులోనే ఉంది. పాపర్ ఇంటి పెంగ్విన్లు ఒక్క మనిషి మాట కూడా పలకవు, ఎవరికీ ఏమీ బోధించవు. తిండి, చలి, తోడు కావాలన్న మూడు అవసరాలతో అవి పక్షులుగానే ఉండి, తమ చుట్టూ ఉన్న మనుషులను కదిలిస్తాయి. పెంగ్విన్‌ను పెంచుకోవడానికి లైసెన్సు కావాలా అని పాపర్ పురపాలక కార్యాలయానికి ఫోన్ చేసే ఘట్టంలో ఇది బాగా తెలుస్తుంది. ఆఫీసులో ఒకరు ఇంకొకరికి అప్పగించడం, అడిగినది ఒకటైతే విన్నది మరొకటి కావడం, చివరికి అటువంటి నిబంధన ఉందో లేదో తేలకపోవడం చదివినప్పుడు, ఫారం నింపడానికి కిటికీ కిటికీకీ తిరిగిన అనుభవం ఉన్న ఏ ఊరి పాఠకుడైనా నవ్వుతాడు. పెంగ్విన్ అక్కడ ఏమీ చేయలేదు. అది ఇంట్లో ఉండడమే చాలింది.

నవల శీర్షిక పాపర్ పేరున ఉన్నా దాని వెన్నెముక అతని భార్య. కలలు కనేది అతను. ఊడ్చేది, వండేది, మిగిలిన చిల్లర లెక్కపెట్టేది ఆమె. కిటికీలు తెరిచి ముందుగదిలోకి మంచు రానిచ్చినప్పుడు, నేల మీద నీళ్లు పోసి గడ్డకట్టించినప్పుడు, ఇంటిల్లిపాదీ ఓవర్‌కోట్లతో కూర్చోవలసి వచ్చినప్పుడు ఆమె గోల చేయదు. తివాచీ ఏమవుతుంది, నేల ఎవరు తుడుస్తారు అన్న ప్రశ్నలు మాత్రం వేస్తుంది. ఆ ప్రశ్నలు కథను నేల మీద నిలబెడతాయి. అసలైన మలుపు కూడా ఆమె చేతిలోనే తిరుగుతుంది: ఆమె వాయించే పియానోకు పెంగ్విన్లు చెవి ఒగ్గి కదలడం చూసిన తరువాతే వాటికి ప్రదర్శన నేర్పవచ్చన్న ఆలోచన పుడుతుంది, చేతులకు గ్లవ్స్ తొడుక్కునే వాయించడం ఆమె సాధన చేస్తుంది. ఇంటి చాకిరీ అంతా ఆమె మీదే పడడాన్ని నవల ప్రశ్నించదన్న విమర్శ నేడు వినబడుతోంది, అది న్యాయమైనదే. అయితే ఆ చాకిరీని కనబడకుండా చేయలేదనీ, ప్రతి అధ్యాయంలోనూ దాని బరువు తూచి చూపిందనీ ఆ విమర్శతో పాటే చెప్పాలి.

లాసన్ బొమ్మల గురించి ఒక మాట. 1936లో వచ్చిన ‘ఫెర్డినాండ్’ అనే ఎద్దు కథకు బొమ్మలు గీసి అప్పటికే పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడు తరువాత 1941లో చిత్రకళకు ఇచ్చే కాల్డికాట్ పతకాన్నీ, 1945లో రచనకు ఇచ్చే న్యూబరీ పతకాన్నీ పొంది, రెండూ సాధించిన తొలి వ్యక్తిగా నిలిచాడు. పెంగ్విన్లను కార్టూన్లుగా కాక శరీర నిర్మాణం తప్పకుండా గీయడమే ఆయన చేసిన మేలు. తాడు కట్టి వీధిలో పెంగ్విన్‌ను నడిపించుకుపోయే పాపర్ బొమ్మలో పక్షి ఎంత నిజంగా ఉంటే మనిషి అంత వింతగా కనిపిస్తాడు.

పన్నెండు పెంగ్విన్లు అయిన తరువాత ఫ్రిజ్ చాలదు. నేలమాళిగలో మంచు యంత్రం బిగించి, ఈతకు గొయ్యి తవ్వించి, అక్కడ ఉండవలసిన కొలిమిని పైకి తెచ్చి ముందుగదిలో పెట్టిస్తారు. ఇల్లు తలకిందులు కావడమంటే ఇక్కడ అక్షరాలా అదే. సరుకంతా అప్పు మీద వస్తుంది. పైగా డబ్బా రొయ్యలు, బతికున్న చేపలు రోజూ కొనాలి. కాబట్టి పాపర్ ప్రదర్శకుడు కావడం పేరు కోసమో సాహసం కోసమో కాదు, బాకీ తీర్చడం కోసం. నాటకశాలల యజమాని గ్రీన్‌బామ్ ద్వారా వారానికి అయిదు వేల డాలర్ల చొప్పున పది వారాల ఒప్పందం కుదిరినప్పుడు, అంతవరకు అయిదు డాలర్ల బరువు చూపిన నవల అయిదు వేలను పలికించడంలోని తమాషా మాంద్యపు కాలపు పాఠకులకు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. పాట, నృత్యం, గారడీ, జంతువుల ఆటలు ఒకే రాత్రి వరుసగా చూపే ఆ వినోదాన్ని వాడెవిల్ అంటారు. టాకీల ధాటికి అది అప్పటికే కునారిల్లింది, న్యూయార్క్‌లోని సుప్రసిద్ధ ప్యాలెస్ థియేటర్ 1932లోనే సినిమా హాలుగా మారింది. పోతున్న కళను పెంగ్విన్లతో నిలబెట్టినట్టు చూపడంలో రచయితలకు దాని మీదున్న మమకారం తెలుస్తుంది.

ఈ యాత్రా భాగమే నవలలో పలుచనిది. రైళ్లు, హోటళ్లు, టాక్సీలు, ఒక థియేటర్ అనుకుని మరో థియేటర్‌లోకి జొరబడడం, అక్కడ సీల్ జంతువులతో ముఖాముఖి, అగ్నిమాపక దళం రావడం, ఇవన్నీ హుషారుగా సాగినా, ఇంట్లో ఉన్నంత వరకు ప్రతి నవ్వు వెనుకా ఉన్న అవసరం ఇక్కడ సన్నగిల్లింది. జంతువులను వేదిక ఎక్కించడం పట్ల నేటి పాఠకుడికి కలిగే ఇబ్బందిని కూడా తోసిపుచ్చనక్కరలేదు. అయితే ఆ ఇబ్బంది నవలకు బొత్తిగా తెలియనిది కాదు. ఎండలు ముదురుతున్న కొద్దీ పెంగ్విన్లు నలిగిపోతాయేమోనన్న బెంగ పాపర్‌ను పట్టుకుంటుంది, ముగింపులోని నిర్ణయం ఆ బెంగలో నుంచే వస్తుంది.

2011లో జిమ్ క్యారీ నటించిన సినిమా ఈ నవలకు ఏది ప్రాణమో తిరకాసుగా చూపిస్తుంది. అందులో పాపర్ మన్‌హటన్‌లో ఖరీదైన ఫ్లాటులో ఉండే భవనాల వ్యాపారి, భార్యతో విడిపోయినవాడు. పెంగ్విన్లు ఆరు, మొదటిది చనిపోయిన తండ్రి నుంచి వచ్చినది. ఇంటిని మంచుగదిగా మార్చడానికి అతనికి డబ్బు అడ్డం కాదు. దాంతో ప్రతి పెంగ్విన్ సమస్యా ఒక అల్లరిగా మిగిలి, కథ మొత్తం తండ్రి మనసు మారడం మీదికి పోయింది. నవలలోని పాపర్‌కు మారవలసిన మనసు లేదు. అతను మొదటి పేజీలోనూ మంచివాడే, చివరి పేజీలోనూ మంచివాడే, లేనిది డబ్బు.

ముగింపులో పాపర్ ముందు రెండు దారులు ఉంటాయి. సినిమా నిర్మాత క్లైన్ పెంగ్విన్లను హాలీవుడ్‌కు తీసుకుపోతానంటాడు, దానితో కుటుంబం జీవితాంతం సుఖంగా ఉండవచ్చు. ఉత్తర ధ్రువంలో పెంగ్విన్లు లేవు కనుక వీటిని అక్కడ స్థిరపరచాలని అడ్మిరల్ డ్రేక్ కోరతాడు. పక్షులకు నప్పేది ఏదన్న ఒక్క ప్రశ్నే వేసుకుని పాపర్ మంచునే ఎంచుకుంటాడు, డబ్బు లెక్కతో నడిచిన నవల మొత్తంలో ఆ లెక్కను పక్కనపెట్టే ఏకైక సందర్భం ఇదే. ఈ ఉత్తర ధ్రువపు ఆలోచన ఆనాటికి నవలల్లో మాత్రమే ఉన్నది కాదు: 1936లో నార్వే దేశస్థులు దక్షిణ జార్జియా ద్వీపం నుంచి కింగ్ పెంగ్విన్లను తెచ్చి లోఫోటెన్ తదితర తీరాల్లో వదిలారు, అవి అక్కడ నిలదొక్కుకోలేదు. ఒక జాతిని దాని స్వస్థలం కాని చోట పాదుకొల్పడంలోని ప్రమాదాన్ని నేటి జీవావరణ శాస్త్రం గట్టిగా హెచ్చరిస్తుంది. నేల మీద వేటాడే మృగం ఎరుగని పెంగ్విన్ తెల్ల ఎలుగుబంటి తిరిగే చోట ఎలా బతుకుతుందని పదేళ్ల పిల్లవాడు కూడా అడగగలడు. ఆ ప్రశ్నకు తావివ్వకుండా దాటవేయడం కన్నా, తరగతి గదిలో నవల పూర్తయిన రోజునే దాన్ని అడగనిచ్చి, పెంగ్విన్లు దాదాపుగా దక్షిణార్ధగోళంలోనే ఎందుకున్నాయో పటం విప్పి చూపే ఉపాధ్యాయుడు ఈ పుస్తకానికి ద్రోహం చేసినవాడు కాడు. పటాలు, యాత్రాగ్రంథాలు ముందేసుకుని చలికాలమంతా గడిపిన పాపర్ కూడా ఆ చర్చలో ఇష్టంగానే కూర్చుని ఉండేవాడు.